సూర్యుడు ఉదయించాడు, యాకోబు కుంటుతూ నడిచాడు

దుబాయ్, షార్జాల్లో ఉన్నవాళ్లకి, కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లకి, ఖతర్, ఒమన్, సౌదీలలో ఉన్న తమ్ముళ్లందరికీ శుభాలు. డ్యూటీ దిగి వచ్చి బాత్‌రూమ్ లైనులో బకెట్టు పట్టుకుని ఇది చదివేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. లైను కదిలితే వెళ్లిపోండి, వాక్యం ఎక్కడికీ పోదు, వచ్చాక చదువుకోవచ్చు.

ఈ వారం వాక్యభాగం ఆదికాండము 32వ అధ్యాయం. ఈ భాగం ఎందుకు తీసుకున్నానో ముందు చెప్పాలి. సోమవారం తెల్లవారుజామున మన గ్రూపులో ఒక తమ్ముడు సూర్యోదయం ఫోటో పెట్టాడు. క్యాంపు మేడ మీద రెండు నీళ్ల ట్యాంకుల మధ్య నుంచి ఎర్రగా పైకొస్తున్న సూర్యుడు. కింద ఒకే మాట, శుభోదయం అని. పది నిమిషాలకి ఇంకో బ్రదర్ దాని కింద ఇలా రాశాడు: "నాలుగు నెలల నుంచి నాకు జీతం లేదు. మీకు సూర్యుడు, పువ్వులు. ఇది ప్రార్థన గ్రూపా, ఫోటో స్టూడియోనా?" ఆ తర్వాత రెండు రోజులు గ్రూపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. వాక్యం పెట్టడానికి కూడా భయపడ్డారు. ఇద్దరూ నాకు విడివిడిగా ఫోన్ చేశారు. ఇద్దరినీ అడిగే ఇది రాస్తున్నాను. పేర్లు అడక్కండి.

కోపంలో అన్నా సరే, ఆ బ్రదర్ అడిగింది మంచి ప్రశ్న. కష్టంలో ఉన్నవాడికి అందమైనదాన్ని చూసి సంతోషించే హక్కు ఉందా? పక్కవాడు ఏడుస్తుంటే మనం ఆకాశం చూసి ఫోటో తీసుకోవచ్చా? దీనికి నా సొంత మాటలు చెబితే ఇద్దరిలో ఒకరికి నొప్పి కలుగుతుంది. అందుకే యాకోబు దగ్గరికి వెళ్దాం.

యాకోబును మనం గొప్ప పితరుడు అనుకుంటాం గానీ, సహోదరులారా, ఆయన కూడా మనలాగే పరదేశంలో కూలి చేసినవాడే. ఇల్లు విడిచి వెళ్లేటప్పుడు చేతిలో ఒక్క కర్ర. హారానులో మామ లాబాను దగ్గర ఇరవై ఏళ్లు. పద్నాలుగేళ్లు ఇద్దరు కుమార్తెల కోసం, ఆరేళ్లు మంద కోసం. 31వ అధ్యాయంలో ఆయన చివరికి లాబానును నిలదీసిన మాటలు ఒకసారి చదవండి. పగలు ఎండ తినేసింది, రాత్రి చలి తినేసింది, కంటికి నిద్ర లేదు, జీతం పదిసార్లు మార్చావు అంటాడు. ఇక్కడ సైటులో నిలబడి మనం చెప్పుకునే మాటలే ఇవి. అగ్రిమెంటులో ఒక జీతం, ఇక్కడ దిగాక ఇంకో జీతం, ఆ తర్వాత ఓటీ కోత. లాబాను కూడా మొదట కౌగిలించుకుని ముద్దు పెట్టుకునే ఇంట్లోకి తీసుకెళ్లాడు. మన ఊరికొచ్చిన ఏజెంటు టీ తాగిస్తూ ఎంత ప్రేమగా మాట్లాడాడో గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు ఒక చిన్న సంగతి చూడండి. 28వ అధ్యాయంలో యాకోబు ఇల్లు విడిచి బయలుదేరినప్పుడు సూర్యుడు అస్తమించాడని రాసి ఉంది. ఆ రాత్రే రాయిని తలగడ చేసుకుని పడుకున్నాడు. మళ్లీ యాకోబు మీద సూర్యుడు ఉదయించాడని రాసింది 32వ అధ్యాయంలో. మధ్యలో ఇరవై ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లలో సూర్యుడు రాలేదా? రోజూ వచ్చాడు. ఏడు వేల పైచిలుకు పొద్దులు పొడిచి ఉంటాయి. యాకోబు మంద వెనక పోతూ ఉన్నాడు, తల ఎత్తి చూసే తీరిక లేదు. లేఖనం కూడా వాటి గురించి ఏమీ చెప్పలేదు.

ఆ ఒక్క ఉదయం గురించి మాత్రం చెప్పింది. అది ఎలాంటి ఉదయం? ముందు రాత్రి యబ్బోకు రేవు దగ్గర భార్యాబిడ్డల్ని, ఉన్నదంతా అవతలికి పంపించేసి ఒంటరిగా మిగిలాడు. తెల్లవార్లూ ఒకరితో పెనుగులాడాడు. తొడ కీలు తప్పింది. అవతల అన్న ఏశావు నాలుగు వందల మందితో వస్తున్నాడు, చంపుతాడో ఏం చేస్తాడో తెలియదు. అటువంటప్పుడు పెనూయేలు దాటుతుండగా సూర్యుడు ఉదయించాడు, ఆయన కుంటుతూ నడిచాడు. ఈ రెండు సంగతులూ ఒకే వచనంలో పక్కపక్కనే ఉన్నాయి, మీ బైబిలు తీసి చూడండి. సూర్యుడు రాగానే తొడ బాగైపోయిందని రాయలేదు. ఏశావు వెనక్కి వెళ్లిపోయాడనీ రాయలేదు. కుంటు కుంటే, వెలుగు వెలుగే. దేవుడు రెండింటినీ ఒకే వాక్యంలో రాయించాడు. మనమైతే ఒకటే రాస్తాం. సాక్ష్యం చెప్పమంటే వెలుగు గురించే చెబుతాం, ఇంటికి ఫోన్ చేసి గొడవపడితే కుంటు గురించే చెబుతాం.

ఇప్పుడు ఫోటో పెట్టిన తమ్ముడి సంగతి. శనివారం వాళ్ల నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. ఆ తమ్ముడు వచ్చి అయిదు నెలలే అయింది, సెలవు దొరకలేదు, టికెట్టుకి డబ్బు లేదు, వచ్చేటప్పుడు చేసిన అప్పు అలాగే ఉంది. ఆదివారం భూస్థాపన. బంధువులబ్బాయి బోటిమ్‌లో వీడియో పెట్టి ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. పెట్టెను లోపలికి దించే సమయానికి నెట్‌వర్కు పోయింది. మళ్లీ కలిసేసరికి అందరూ మట్టి వేసి చేతులు కడుక్కుంటున్నారు. ఆ రాత్రి అతను నిద్రపోలేదు. రూమ్‌లో మిగతా ఏడుగురూ పొద్దున్నే డ్యూటీకి లేవాలి కదా అని లైటు వేయకుండా, శబ్దం చేయకుండా కూర్చున్నాడు. మీకు తెలుసు, మన రూముల్లో గట్టిగా ఏడవడానికి కూడా చోటు ఉండదు. తెల్లారగట్ల తడి యూనిఫామ్ ఆరేద్దామని మేడ మీదికి వెళ్తే ట్యాంకుల మధ్య సూర్యుడు కనిపించాడు. తీశాడు. పెట్టాడు.

ఫోన్‌లో నాతో అన్న మాట ఇది. "అన్నా, నాన్న పోయాక మొదటిసారి ఒక్క నిమిషం నాకు ఏమీ గుర్తురాలేదు. సూర్యుణ్నే చూశాను. ఆ తర్వాత సిగ్గేసింది. నాన్నని మట్టిలో పెట్టి ఒక్క రోజు కాలేదు, నేను సంతోషపడ్డానా అనిపించింది. ఆ బ్రదర్ తిట్టింది కరెక్టే అన్నా."

తమ్ముడూ, నువ్వు చదువుతున్నావని తెలుసు. ఆ నిమిషం పాపం కాదు. నువ్వు మీ నాన్నను మర్చిపోయినట్టూ కాదు. రాత్రంతా పెనుగులాడినవాడికి తెల్లారి దేవుడిచ్చిన నిమిషం అది. నీ కుంటు అలాగే ఉంది కదా. దాంతోనే కదా మెట్లు దిగి, యూనిఫామ్ తొడుక్కుని బస్సెక్కావు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచిస్తే నాకు నవ్వొస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది. సూర్యోదయం చూడ్డానికి డబ్బున్నవాళ్లు కారు వేసుకుని, హజర్ కొండలు దాటి ఫుజైరా సముద్రం దాకా పోతారు. హోటల్లో రూమ్ తీసుకుని అలారం పెట్టుకుంటారు. మనకి రోజూ నాలుగింటికే అలారం. బస్సు కిటికీలోంచి, సైటు గేటు దగ్గర లైనులోంచి మనం చూసినన్ని సూర్యోదయాలు ఆ టవర్లలో ఉండేవాళ్లు చూసి ఉండరు. ఎత్తుకి వెళ్లేకొద్దీ సూర్యుడు ముందే కనిపిస్తాడు, ఆలస్యంగా అస్తమిస్తాడు. అందుకే 2011లో దుబాయ్‌లో మతపెద్దలు, బుర్జ్ ఖలీఫాలో ఎనభయ్యో అంతస్తు పైన ఉండేవాళ్లు రంజాన్ ఉపవాసం రెండు నిమిషాలు ఆలస్యంగా విడవాలని, నూట యాభై దాటితే మూడు నిమిషాలని చెప్పారు. నేను షట్టరింగ్ కార్పెంటర్‌గా చాలా ఏళ్లు చేశాను. ముప్పయ్యో అంతస్తు స్లాబు మీద ప్లైవుడ్ పరుస్తుంటే, కింద రోడ్డు మీద ఇంకా లైట్లు వెలుగుతూ ఉండగానే మా హెల్మెట్ల మీద ఎండ పడేది. ఆ బిల్డింగులో తర్వాత ఎవరెవరు కాపురం ఉన్నారో నాకు తెలియదు. ఆ ఎత్తున మొదటి పొద్దు చూసింది మాత్రం మేమే. ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పాడు కదా, తండ్రి తన సూర్యుణ్ని చెడ్డవాళ్ల మీదా మంచివాళ్ల మీదా ఉదయింపజేస్తాడని. ఫోర్‌మన్ మీదా, హెల్పర్ మీదా ఒకేలా. గేట్ పాస్ అక్కర్లేదు.

అయితే అదే సూర్యుడు పదకొండు అయ్యేసరికి మనల్ని ఏం చేస్తాడో కూడా చెప్పాలి, లేకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండు నుంచి నాలుగింటి వరకు ఎండలో పని చేయించకూడదని చట్టమే ఉంది. ఊరికే పెట్టలేదు, మనుషులు పడిపోతున్నారు కాబట్టి పెట్టారు. పొద్దున ఫోటో తీసిన సూర్యుడి కిందే మధ్యాహ్నం తల తిరుగుతుంది. నీళ్లు తాగండి, ఉప్పు కలిపిన మజ్జిగ దొరికితే తాగండి. తల తిరిగితే ఫోర్‌మన్ ఏమంటాడో అని చూడకుండా నీడకు రండి.

ఈ సంగతి మన్నాలో కూడా ఉంది. నిర్గమకాండము 16 చూడండి. ఎడారిలో ఇశ్రాయేలీయులకు తెల్లవారగానే నేల మీద నూగు మంచులా మన్నా కనిపించేది. ఎండ ముదిరితే కరిగిపోయేది. పొద్దున్నే ఏరుకోవాలి, ఎవరి మట్టుకు వారికి సరిపడా. రేపటికని దాచుకుంటే పురుగులు పట్టి కంపు కొట్టేది. ఎవడూ దాన్ని గోడౌనులో పెట్టుకోలేకపోయాడు. కానీ అదే అధ్యాయంలో చివరికి వెళ్తే, ఒక ఓమెరు మన్నా ఒక పాత్రలో పోసి తరతరాల వాళ్లు చూడ్డానికి ఉంచమని దేవుడే చెప్పాడు. ఇల్లంతా నింపమనలేదు, ఒక్క పాత్ర. దాన్ని ఎవరూ తినలేదు. ఎడారిలో మాకు అన్నం దొరికింది అని పిల్లలకు చూపించడానికే అది.

నాకైతే మన ఫోన్‌లో ఫోటో ఆ పాత్రలాంటిది. సూర్యోదయాన్ని దాచుకోలేం. ఎవరైనా తీసి చూడండి, కంటికి ఇత్తడి పళ్లెమంత కనిపించిన సూర్యుడు ఫోటోలో కందిగింజంత వస్తాడు. ఫోన్ పాడైందేమో అనుకుంటారు. ఫోన్‌ది తప్పు కాదు, దాని లెన్సు అంతా వెడల్పుగా పట్టడానికి చేసింది. ఫోటోలో ఆ చల్లగాలి రాదు, మసీదు నుంచి వినిపించిన పిలుపు రాదు, పక్క క్యాంపు మెస్సులోంచి వచ్చిన పరోటా వాసన రాదు. రేపటి ఆకలికి రేపటి మన్నాయే కావాలి. కానీ ఎప్పుడో ఒక చెడ్డ రోజున గ్యాలరీ తిప్పుతుంటే ఆ కందిగింజంత వెలుగు కనిపించి, ఆ రోజు కూడా నేను బతికాను కదా, దేవుడు నన్ను నడిపించాడు కదా అనిపిస్తుంది. పాత్ర పని అదే.

ఫోటో మాట వచ్చింది కాబట్టి రెండు మాటలు చెప్పనివ్వండి, వాక్యంలో ఇదేంటి అనుకోవద్దు. సూర్యుడు పైకి రాకముందే, ఇరవై నిమిషాల ముందు నుంచే రంగులు మొదలవుతాయి, అప్పుడు వెళ్లండి. దుమ్ము పట్టిన లెన్సు బనియనుతో తుడవండి. స్క్రీను మీద ఆకాశాన్ని వేలితో తాకి, పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తును కిందికి లాగితే తెల్లగా వెలిసిపోకుండా అసలు రంగు వస్తుంది. పొద్దెక్కాక సూర్యుడి వైపు నేరుగా చూడకండి. మరీ ముఖ్యంగా, ఫ్రేములోకి ఏం వస్తుందో చూసుకోండి. మిలిటరీ గోడలు, పోలీసు స్టేషన్లు, ఎయిర్‌పోర్టు లోపలి భాగాలు, ఆయిల్ ప్లాంట్లు ఉంటే తీయొద్దు. వేరే మనుషులు, ముఖ్యంగా ఆడవాళ్లు, కుటుంబాలు ఉంటే అసలే వద్దు. ఈ దేశాల్లో అడగకుండా మనిషి ఫోటో తీయడం కేసు అవుతుంది. సూర్యుడి కోసం వెళ్లి స్టేషన్లో కూర్చోకండి.

ఇంకో మాట. మనం ఇంటికి పంపే ఫోటోలు ఎలాంటివి? మాల్‌లో ఎవరిదో కారు పక్కన నిలబడి, కూలింగ్ గ్లాసులు పెట్టుకుని తీసినవి. బంక్ బెడ్ ఎవరూ పంపరు. ఇంట్లోవాళ్లు బాధపడతారని అలా చేస్తాం, సరే. కానీ దానివల్ల ఒక గోడ లేస్తుంది. వాళ్లు మనం బాగున్నామనుకుని అడుగుతూ ఉంటారు, మనం లేదని చెప్పలేక పంపుతూ ఉంటాం. తెల్లవారుజాము ఫోటో పంపి చూడండి. అందులో గొప్పలేదు, ఏడుపూ లేదు. గోదావరి జిల్లాల్లో పొద్దు పొడిచిన దాదాపు గంటా ముప్పావుకి దుబాయ్‌లో పొడుస్తుంది. కువైట్‌లో అయితే ఇంకో అరగంట వెనక. అంటే మనం చూసే సూర్యుణ్ని మన అమ్మ అప్పటికే చూసేసి, వాకిలి ఊడ్చి, పొయ్యి వెలిగించి ఉంటుంది. అక్కణ్నుంచి మన దగ్గరికి వస్తాడు. మా అమ్మకి ఒకసారి ఫోటో పంపితే, "ఇందాక మన కొబ్బరిచెట్ల మీద ఉన్నాడురా, అప్పుడే నీ దగ్గరికి వచ్చేశాడా" అంది. ఆ ఒక్క మాటకి ఆ రోజంతా పని తేలిగ్గా సాగింది.

కువైట్‌లో ఉన్న అక్కాచెల్లెళ్లకి ఒక మాట చెప్పాలి. మీలో చాలామందికి మేడ మీదికి వెళ్లే వీలు కూడా ఉండదని తెలుసు. వంటింటి కిటికీలోంచి జానెడు ఆకాశం, అదీ మామా లేవకముందే. ఒక చెల్లెలు, అన్నా నాకు సూర్యుడు కనిపించడు, ఎదురింటి గోడ మీద పడిన ఎండే కనిపిస్తుంది, దాన్నే చూసుకుంటాను అని చెప్పింది. మీ కోసం బైబిలులో హాగరు ఉంది. ఆమె పరాయి దేశంలో పనిమనిషి. ఒకసారి ఇంట్లో కష్టం భరించలేక పారిపోయింది. ఇంకోసారి రొట్టె, తిత్తిలో నీళ్లు ఇచ్చి బిడ్డతో సహా పంపించేశారు. తనను చూసే దేవుడు అని దేవునికి పేరు పెట్టిన మనిషి ఈమె. ఒక పనిమనిషి! బెయేర్షెబా ఎడారిలో నీళ్లు అయిపోయి, బిడ్డను పొద కింద వదిలి, చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడ్చింది. అప్పుడు దేవుడు ఆమె కళ్లు తెరిచాడు, నీళ్ల బావి కనిపించింది. దేవుడు అప్పుడు బావి తవ్వాడని రాయలేదు, కళ్లు తెరిచాడనే రాసింది. ఆ తర్వాత కూడా వాళ్లు అరణ్యంలోనే కాపురం ఉన్నారు. ఎడారి తోటగా మారలేదు. కానీ బిడ్డ బతికాడు. చెల్లెమ్మా, ఎదురింటి గోడ మీద ఎండ కూడా కొంచెం నీళ్లే. తిత్తి నింపుకో.

ఇప్పుడు కోప్పడ్డ బ్రదర్ దగ్గరికి వస్తాను. ఆయన్ని గ్రూపులో కొందరు తప్పుబట్టారు, విశ్వాసం లేదన్నారు. అలా అనకండి. యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదవండి. కట్టుకోను బట్టలేక, తినను తిండిలేక ఉన్న సహోదరుడికి ఏమీ ఇవ్వకుండా, వెళ్లి వెచ్చగా ఉండు, కడుపు నింపుకో అని చెబితే ఏం లాభం అంటాడు. నాలుగు నెలల జీతం రానివాడికి మనం సూర్యోదయం ఫోటో మాత్రమే చూపిస్తే అదే అవుతుంది. అదే పత్రిక 5వ అధ్యాయంలో, పొలం కోసిన పనివాళ్లకి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడుతోందనీ, ఆ కేక దేవుని చెవుల్లో పడిందనీ ఉంది. కాబట్టి ఆయన కేక కూడా ప్రార్థనే. ఆ కంపెనీ పేరు నేనిక్కడ రాయను, రాసి ప్రయోజనమూ లేదు. చేయాల్సిన పని చేస్తున్నాం. గ్రూపులో చదువుకున్న తమ్ముడు ఒకరు ఆయనతో కూర్చుని లేబర్ మినిస్ట్రీలో కంప్లయింటు పెట్టించారు, ఎంబసీ వాళ్లకి మదద్ పోర్టల్‌లో కూడా రాయించారు. కాంట్రాక్టు కాగితం, వీసా పేజీ, బ్యాంకు స్లిప్పులు మీరందరూ ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. ఇవి కూడా పాత్రలో దాచాల్సినవే, అవసరానికి సాక్ష్యం చెబుతాయి. బియ్యం, నూనె, ఇంటికి కొంత డబ్బు మన వాళ్లు సర్దారు. ఎవరెంత ఇచ్చారో చెప్పను, ఇచ్చినవాళ్లే వద్దన్నారు.

బుధవారం రాత్రి ఆ బ్రదర్‌కి, ఫోటో తమ్ముడి నాన్నగారి విషయం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అతను ఏ బ్లాకులో ఉంటాడు?" అని మాత్రం అడిగాడు. సోనాపూర్‌లో మూడు వీధుల అవతలే. డ్యూటీ దిగాక కుబూస్, పప్పు పట్టుకుని వెళ్లాడట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

యోహాను సువార్త 21లో రాత్రంతా డ్యూటీ చేసినవాళ్లు ఉన్నారు. ఏడుగురు. వల వేశారు, తీశారు, తెల్లవార్లూ ఒక్క చేప పడలేదు. మన లెక్కలో చెప్పాలంటే నైట్ షిఫ్టు చేసి హాజరు పడనట్టు. తెల్లవారుతుండగా ఒడ్డున ఒకరు నిలబడి ఉన్నారు, ఎవరో గుర్తుపట్టలేదు. ఆ తర్వాత నూట యాభై మూడు చేపలు పడిన సంగతే అందరూ ప్రసంగిస్తారు. నాకు మాత్రం ఒడ్డుకి వచ్చాక వాళ్లు చూసినది ఇష్టం. వాళ్ల చేపల వల ఇంకా ఒడ్డుకి లాగకముందే, అక్కడ బొగ్గుల నిప్పు ఉంది, దాని మీద చేప ఉంది, రొట్టె ఉంది. చనిపోయి లేచిన ప్రభువు, లోకాన్ని జయించినవాడు, పొద్దున్నే కూలివాళ్ల కోసం టిఫిను చేసి పెట్టాడు. అలసిపోయిన వాళ్లను ముందు తినమన్నాడు. పేతురుతో మాట్లాడాల్సిన పెద్ద విషయం ఉంది, అది తిన్నాకే మాట్లాడాడు.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, సెలవు దొరక్క తండ్రిని చివరిసారి చూడలేకపోయిన బిడ్డను నీ చేతుల్లో పెడుతున్నాం. ఊళ్లో ఒంటరిగా ఉన్న వాళ్ల అమ్మ దగ్గర ఈ రాత్రి నువ్వు కూర్చో తండ్రీ. బిగబట్టిన జీతం బయటికి రప్పించు, ఆ కాగితాలు చూసే అధికారికి మంచి మనసు ఇవ్వు. కిటికీ లేని గదిలో నిద్రపోయే మా చెల్లెలికి రేపు పొద్దున గోడ మీదనైనా కాస్త ఎండ చూపించు. రేపు మేడల మీద, స్లాబుల మీద, పైపుల్లో, వంటిళ్లలో పనికి లేచే ప్రతి ఒక్కరినీ సాయంత్రం క్షేమంగా రూమ్‌కి చేర్చు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.